కడిగిన వేళ్లు

గవిగుట్ట మఠంలో ఉండే చెన్నవీరయ్య స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరేది అడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పజెప్పి తన పాటికి తాను కూర్చునేవాడు. దేవుడు ఉన్నాడో లేడో తేల్చుకోవడానికి వచ్చిన ఒక కాలేజీ మాస్టరు చేత మఠం బావిలో పూడిక తీయించాడట. ఆ మాస్టరుకు జవాబే దొరికిందో, నడుము పట్టేసి ప్రశ్నే మరిచిపోయాడో తెలియదు గాని మళ్లీ ఆ వైపు రాలేదు. టైమెంతయింది సామీ అని అడిగినా ఎండలోకి పంపి నీడ చూసి రమ్మంటాడని కింది ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు. నేను చెప్పబోయేది ఆయన తన శిష్యుడొకడికి ఇచ్చిన జవాబు. అది ఇవ్వడానికి ఆయనకు దాదాపు ఏడాది పట్టింది. ఇచ్చిన పద్ధతి నాకు పూర్తిగా నచ్చిందని మాత్రం చెప్పలేను.

ఆ శిష్యుడి పేరు నంజుండప్ప, యాభై దాటిన మనిషి. మఠం ఉన్నది హిందూపురానికి ఆవల, కర్ణాటక సరిహద్దు దగ్గర, వాన మొహం చాటేసే సీమలో. ఎటు చూసినా గరుసు నేల, ఎర్రమన్ను, నడుమెత్తు తంగేడు పొదలు. గుట్ట మధ్యలో ఒక గవి ఉంది. గవి అంటే గుహే, అక్కడివాళ్ల మాట అది. స్వామి వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లు ఆ గవిలో ఒంటరిగా ఉన్నాడు. ఎందుకు దిగి వచ్చారని ఎవరైనా అడిగితే, "తుమ్మితే నూరేళ్లు అనేవాళ్లు లేరప్పా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆయన నవ్వులాటకే అన్నాడని అనుకునేవాళ్లు.

ఉగాది వెళ్లిన కొత్తలో ఒక సాయంత్రం నంజుండప్ప స్వామి ఎదుట కూర్చుని అడిగాడు. "ఎవురూ అక్కర్లేదు అనే స్థితికి మనిషి ఎప్పుడు చేరతాడు సామీ? నేను అన్నీ బూజు దులిపినట్ల దులుపుకొని వచ్చినా. అయినా ఇంకా ఏదో అంటుకొనే ఉండాది. ఆ గవి నాకియ్యండి. ఎవురి మొగమూ చూడకుండా ఉంటా."

మఠానికి రాకముందు నంజుండప్పది పట్టుపురుగుల పెంపకం. ఆ పనిలో ఉన్నవాళ్లకు శుభ్రతే ప్రాణం. షెడ్డులోకి అడుగుపెట్టే ముందు కాళ్లతో సున్నం తొక్కాలి, చేతులు బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి. ఎందుకంటే పురుగులకు ఒక రోగం వస్తుంది. పురుగు మేత మానేసి చచ్చిపోయి, ఒంటి నిండా తెల్లటి బూజు పట్టి, సున్నపు ముక్కలా గట్టిపడుతుంది. ఒక తట్టలో కనిపించిందంటే షెడ్డంతా పోయినట్టే. నంజుండప్ప షెడ్డుకు ఆ రోగం వచ్చిన చలికాలంలోనే అతని భార్య సిద్దమ్మ జ్వరంతో చనిపోయింది. రెండూ ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు. కాని దుఃఖంలో ఉన్న మనిషి ఎవరో ఒకరి వైపు వేలు చూపించకుండా ఊరుకోలేడు. సిద్దమ్మ మంచంలో ఉన్నన్నాళ్లూ షెడ్డు పని చూసింది నంజుండప్ప అక్క బసమ్మ. ఒకరోజు అతను తట్టల మధ్య నిలబడి ఆమెతో, "రోగం నీ వేళ్లతోనే వచ్చింది. కడుక్కోమంటే కడుక్కోకపోతివి" అన్నాడు. ఆమె కడుక్కునే వచ్చింది. ఆ సంగతి చెప్పుకోలేదు. రెండు చేతులూ కొంగులో దాచుకుని బయటికి నడిచింది.

బసమ్మకు భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. కింది ఊళ్లో ఒక్కతే ఉంటుంది. పుట్టింటివాడంటూ ఆమెకు మిగిలింది నంజుండప్ప ఒక్కడే. అతను మఠం చేరాక ప్రతి సోమవారం రాగిరొట్టెలూ శెనక్కాయల పొడీ మూట కట్టుకుని గుట్ట ఎక్కేది. మఠం వాకిట్లో నంజుండప్ప ఒక తొట్టి పెట్టుకుని అందులో బ్లీచింగ్ నీళ్లు కలిపి ఉంచేవాడు. షెడ్డు పోయినా ఆ అలవాటు పోలేదు. ఎవరూ చెప్పకుండానే బసమ్మ ఆ తొట్టిలో చేతులు కడుక్కునేది. మూటను ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, బండ మీద పెట్టేది. తమ్ముడు అప్పటికే గుట్ట అవతలి వైపుకు వెళ్లిపోయి ఉండేవాడు. "బాగుండాడా సామీ?" అని అడిగేది. స్వామి తల ఊపితే, కాసేపు గుట్ట వైపు చూసి దిగిపోయేది. ఆమె దిగిపోయిందని తెలిశాక నంజుండప్ప వచ్చి రొట్టెలు తినేవాడు. ఆమె సంగతి ఏదీ తనకు చెప్పొద్దని స్వామి దగ్గర మాట కూడా తీసుకున్నాడు. అక్క అక్కర్లేదు గాని అక్క చేసిన రొట్టె అక్కర్లేదనలేదు. ఇదంతా నాకు తర్వాత నంజుండప్పే చెప్పాడు. నేను ఈ మాట అంటే తల వంచుకున్నాడు.

గవిలో దీక్ష పట్టినవాడికి మఠం నుంచి గంజి మాత్రమే పోతుంది. బయటివాళ్లు అటు ఎక్కకూడదు. అంటే బసమ్మకు సోమవారం అనేది లేకుండా పోతుంది. తమ్ముడు గవి అడిగాడని ఊళ్లో విని, ఆమె ఆ సోమవారం స్వామిని ఒకటే అడిగింది. "ఇస్తారా సామీ?" ఆడమనిషి కదా, ముసలిది కదా అని కూడా స్వామి చూడలేదు. అలవాటు ప్రకారం ఆమె చేత వాకిట్లో రాలిన ఆకులు ఏరించి పంపాడు.

నంజుండప్పకు ఇచ్చిన పని పెద్దది. గవికి వెళ్లే దారి పక్కన బోడిగా ఉన్న వాలు ఒకటి ఉంది. స్వామి అటు చూపించాడు. "కానుగ మొక్కలు పెంచు. ఉత్తర కార్తె వానలకు ఆ వాలు మీద నాటు. వానలు నిలిచిపోయినాక చుక్క నీళ్లు పోయొద్దు. మళ్లా ఎండాకాలం దాటి ముంగారు వాన పడేదాకా అవి నిలిస్తే గవికి నేనే తోడుకొని పోతా. ఎవురూ అక్కర్లేకుండా ఎట్ల బతకాల్నో వాటినే చూసి నేర్చుకో."

నంజుండప్ప తనకు తెలిసిన పద్ధతిలోనే మొక్కలు పెంచాడు, అంటే పురుగుల్ని పెంచినట్టు. మన్ను జల్లెడ పట్టాడు. ఇనుప రేకు మీద పోసి కింద మంట పెట్టి వేయించాడు. దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో నింపి గింజలు పెట్టి, పూటపూటకూ నీళ్లు పోశాడు, అప్పుడప్పుడు చిటికెడు యూరియా వేశాడు. మొక్కలు ఏపుగా లేచాయి. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడేవి. మఠానికి వచ్చినవాళ్లు ఆగి చూసి మెచ్చుకుని పోయేవాళ్లు. అటు వాలును కూడా శుభ్రం చేశాడు. మొక్కలకు అందాల్సిన నీళ్లను పొదలు తాగేస్తాయని, ఉన్న తంగేడు పొదలన్నీ గడ్డపారతో పెరికి కుప్ప వేసి కాల్చాడు. దారి అంచున ఉన్నవి మాత్రం బండల సందున ఉండి పెరకడానికి రాక మిగిలాయి. గుంతలు దూరదూరంగా తీశాడు. ఒక మొక్క నీడ ఇంకో మొక్క మీద పడకూడదన్నాడు. ఒకరోజు స్వామి ఒక సంచిని చింపి, మన్ను విదిలించి, వేళ్లు చూశాడు. తెల్లగా, పొట్టిగా ఉన్నాయి.

"వేళ్లు బాగా నున్నగుండాయప్పా" అన్నాడు.

నంజుండప్ప దాన్ని మెప్పు అనుకున్నాడు.

ఉత్తర కార్తెలో వాన పడింది. తీరా నాటబోయే ముందు మేకలు దూరి ఒక వరుస సంచుల్లోని మొక్కల్ని మేసిపోయాయి. ఖాళీ పడిన గుంతలకు ఏం చేయాలని అడిగితే స్వామి దారి అంచున ఉన్న తంగేడు పొదలు చూపించాడు. గవి పక్కన ఒక ముసలి కానుగ ఉంది. దాని గింజలు వాననీళ్లకు జారి వచ్చి ఆ పొదల కింద చిక్కుకుని మొలిచేవి. ఎవరూ నీళ్లు పోయని, గిడసబారిన మొక్కలు. నంజుండప్ప వాటిని మన్నుగడ్డలతో సహా పెకలించి తెచ్చి తొట్టి పక్కన పెట్టుకున్నాడు. ఒక గడ్డను విరిచి చూసేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. వేళ్ల చుట్టూ, మన్ను రేణువుల మధ్య, వెలుతురుకు పట్టుకుంటే తప్ప కనిపించనంత సన్నటి తెల్లటి పోగులు ఉన్నాయి. దులిపినా మన్ను రాలడం లేదు. ఆ పోగులే దాన్ని పట్టుకుని ఉన్నాయి. అతనికి తట్టల్లో గట్టిపడిన పురుగులు గుర్తొచ్చాయి. ఒక్కొక్క మొక్కనే తీసి బ్లీచింగ్ నీళ్లలో ముంచి, దాని వేళ్లను తన వేళ్లతో రుద్ది కడగడం మొదలుపెట్టాడు.

పనిలో పడి అది సోమవారమని మరిచిపోయాడు. తల ఎత్తేసరికి బసమ్మ ఎదురుగా ఉంది. ఎన్నాళ్లకో ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఆమె జుట్టు పూర్తిగా నెరిసిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది. మళ్లీ తల దించుకున్నాడు. స్వామి వసారాలోంచి, "వచ్చినావు కదమ్మా, నువ్వూ ఒక మొక్క నాటిపో" అన్నాడు. ఆమె మూటను బండ మీద పెట్టి, అక్కడున్న వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని మన్నుగడ్డతో సహా ఎత్తుకుంది.

"ముందు వేళ్లు కడగాల" అన్నాడు నంజుండప్ప తల ఎత్తకుండానే.

మన భాషలో చేతికి ఉండేవాటికీ చెట్టుకు ఉండేవాటికీ ఒకటే మాట. అతను చెప్పింది మొక్క వేళ్ల సంగతి. ఆమె మొక్కను మెల్లగా కింద పెట్టి, తొట్టి దగ్గర కూర్చుని, తన చేతివేళ్లు కడుక్కుంది. గోళ్ల సందులు కూడా రుద్ది కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, రెండు చేతులూ చాపి తమ్ముడికి చూపించింది.

"సరిపాయనా నంజుండా?"

నీ వేళ్లు కాదక్కా, మొక్కవి అంటే సరిపోయేది. కాని ఆ మాట అనాలంటే షెడ్డులో అన్న మాట దగ్గరికి కూడా పోవాల్సి వస్తుంది. నంజుండప్ప "ఊ" అన్నాడు. ఆమె మొక్కను కడగని మన్నుతోనే ఎత్తుకుని వాలు ఎక్కింది. ఈ ఘట్టం తలుచుకున్నప్పుడల్లా నాకు అతని మీద కోపం వస్తుంది. అన్న మాటకంటే ఆ "ఊ" మీదే ఎక్కువ కోపం.

మోకాళ్ల నొప్పితో ఆమె గుంతల దాకా పోలేకపోయింది. దారి అంచున ఒక తంగేడు పొద కింద మన్ను మెత్తగా తగిలితే, అక్కడే కూర్చుని వేళ్లతో గోకి, మొక్కను పెట్టి చుట్టూ ఒత్తింది. నంజుండప్ప చూసి, "పొద కింద అది బతకదు. దాన్ని లెక్కలో పెట్టుకోను" అన్నాడు.

"పెట్టుకోవద్దులే" అంది ఆమె. కాసేపటికి మళ్లీ, "నువ్వు గవికి పోతే సోమవారం నేను యాడికి రావాల నంజుండా?" అంది.

"మఠానికి రా. సామి ఉంటాడు కదా."

ఆమె లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ మెట్టు మెట్టు దిగిపోయింది.

ఆ తర్వాత స్వాతి కార్తెలో ఒక వాన పడింది. అదే ఆఖరు. ఆకాశం తుడిచిపెట్టినట్టయింది. బసమ్మ కూడా రావడం మానేసింది. స్వాతి వాన పడిన సోమవారం నంజుండప్ప ఎప్పటిలాగే గుట్ట అవతలికి వెళ్లి, ఒక బండ కింద తడవకుండా కూర్చుని, తిరిగొచ్చి చూస్తే మూట లేదు. వాన కదా, రాలేదనుకున్నాడు. మళ్లీ సోమవారమూ లేదు. ఎందుకు రాలేదని అడగడానికి నోరు రాలేదు. చెప్పొద్దని మాట తీసుకున్నది తనే. నాకు కావలసింది ఇదే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. అయినా సోమవారం వస్తే అవతలి వైపుకు వెళ్లి కూర్చునేవాడు. దాక్కోవడానికి ఎవరూ లేకపోయినా దాక్కునేవాడు. గాలికి ఎండుగడ్డి కదిలితే అడుగుల చప్పుడేమోనని చెవి ఒగ్గేవాడు.

వాలు మీద మొక్కలు మొదట్లో బాగానే నిలబడ్డాయి. కార్తీకం వెళ్లాక ఆకులు ముడుచుకోవడం మొదలైంది. పొద్దున్నే లేచి ఒక్కొక్క మొక్క దగ్గర కూర్చునేవాడు. చలికి రాలుస్తున్నాయిలే అనుకుని సర్దుకునేవాడు. అనుమానం తీరక గోటితో కాండం గీకి చూస్తే లోపల పచ్చదనం లేదు, చెక్కరంగు తేలింది. ఒకసారి ఉండబట్టలేక బిందె ఎత్తుకుని వాలు దాకా వెళ్లాడు. స్వామి మాట గుర్తొచ్చి, మొక్కల మధ్య నిండు బిందెతో నిలబడి, నిలబడి, అట్లాగే తిరిగొచ్చాడు. స్వామి వసారాలోంచి అదంతా చూస్తూనే ఉన్నాడు, పిలవలేదు. ప్రశ్న మనిషిది, చచ్చేది మొక్కలు, ఇదేం బోధన అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట స్వామితో అంటే నా చేత కూడా ఏ రాళ్లో మోయిస్తాడని అనలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నంజుండప్ప గవిని చూసి రావడానికి వెళ్లాడు. లోపల చల్లగా ఉంది. ఒక మూల స్వామి ఎప్పుడో వాడిన చాప చీకి చివికి పోయి ఉంది. పరుచుకుని కూర్చోబోతే దుమ్ము లేచి పెద్దగా తుమ్మాడు. ఆ తుమ్ము గవి గోడలకు తగిలి తిరిగి వచ్చి ఆగిపోయింది. చిన్నప్పుడు తను తుమ్మితే అక్క ఎక్కడున్నా, రాగులు విసురుతున్నా, వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నా, "నూరేళ్లు" అని అరిచి మళ్లీ తన పనిలో పడేది. తెలియకుండానే ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఎంతసేపు చూసినా గవిలో ఏ చప్పుడూ లేదు. అతనికి భయం వేసింది. గబగబా బయటికి వచ్చి, దిగేటప్పుడు వెనక్కి కూడా చూడలేదు. ఈ సంగతి స్వామికి చెప్పలేదు.

శివరాత్రి నాటికి వాలు మీద పుల్లలు మిగిలాయి. పొదల కింది నుంచి తెచ్చి కడిగి నాటిన మొక్కలు అన్నిటికంటే ముందే పోయాయి. పండగ వెళ్లిన మర్నాడు పొద్దున నంజుండప్ప ఒక పుల్లను పెరికి తెచ్చి స్వామి ముందు పెట్టాడు. వేళ్లు గుంత దాటి పోనే లేదు. సంచిలో ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి.

"నేల మంచిది కాదు సామీ" అన్నాడు.

స్వామి కర్ర అందుకుని లేచి దారి పట్టాడు. నంజుండప్ప వెనకే నడిచాడు. దారి అంచున తంగేడు పొద దగ్గర స్వామి ఆగి, కర్రతో కొమ్మలు పక్కకు తప్పించాడు. బసమ్మ నాటిన మొక్క అక్కడుంది. జానెడుకు మించలేదు. ఆకుల అంచులు మాడి, దుమ్ము కొట్టుకుని, చూడ్డానికి ఏ అందమూ లేదు. కాని కొసన లేత ఆకు ఎర్రగా విచ్చుకుంటోంది. స్వాతి తర్వాత దాని మీదా వాన పడింది లేదు, ఎవరూ నీళ్లు పోసింది లేదు.

"తవ్వు. గడ్డపార వద్దు, వేళ్లతోనే" అన్నాడు స్వామి.

నంజుండప్ప మోకాళ్ల మీద కూర్చుని మొక్క పక్కన మన్ను గోకాడు. పైన పొడి. కాస్త లోపలికి పోయేసరికి మన్ను ముద్దగా, చల్లగా తగిలింది. ఒక గడ్డను విరిచి వెలుతురుకు పట్టుకున్నాడు. అవే తెల్లటి పోగులు. మొక్క వేళ్ల నుంచి బయలుదేరి, మన్నులో పాకి, తంగేడు వేళ్ల దాకా పోయి ఉన్నాయి. ఏది ఎక్కడ మొదలైందో చెప్పడానికి లేదు.

"ఇదేనా నువ్వు కడిగిన బూజు?" అన్నాడు స్వామి. ఆ రోజు ఆయన మామూలుకంటే ఎక్కువ మాట్లాడాడు. "వేరు లావప్పా. రాతి సందుల్లోకి అది దూరలేదు. ఈ పోగు దూరతాది. యాడో ఉన్న తడినీ ఉప్పునూ తెచ్చి వేరుకిస్తాది. చెట్టు తాను చేసుకున్న తీపిలో కొంత దీనికి పెడతాది."

"మరి నా మొక్కలకు ఏమిటికి రాలేదు సామీ?"

"ఎట్ల వస్తాది? మన్నును మంట మీద ఏంచినావు. పొదల్ని పెరికినావు. చెట్టూ చేమా లేని నేలలో దీన్ని సాకేది ఎవురు? పూటపూటకూ నీళ్లు, యూరియా పెడితివి. కడుపు నిండిన వేరు ఎవుర్నీ దగ్గరికి రానీదు. ఎండ ముదిరినాక పిలిస్తే ఎవురొస్తారు?"

వ్యవసాయం చదివినవాళ్లు వీటిని వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలంటారు. మెట్టనేలల్లో ఏ మొక్క ఉంది, మన్ను ఎట్లా ఉంది అనే దాన్నిబట్టి అవి పెరగడమో తరిగిపోవడమో జరుగుతుందని, పొదల కింద ఉన్నట్టు బోడినేలలో ఉండవని చెబుతారు. ఆ పేర్లు స్వామికి తెలుసో లేదో నేనడగలేదు.

నంజుండప్ప ఆ గడ్డలోని పోగుల్ని బొటనవేలితో తడిమాడు. తర్వాత అన్నాడు. "ఇదొక్కటే నేను కడగలేదు సామీ. మొక్క వేళ్లు కడగమని చెప్పినా. ఆమె తన వేళ్లు కడుక్కుంది. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

స్వామి కొమ్మల మీది కర్ర తీసి నేలకు ఆనించాడు.

"ఆ పొద్దు షెడ్డులో కూడా కడుక్కొనే వచ్చింది. తొట్టి కాడి నుంచి ఆమె చేతుల తడి చుక్కలు రాలి ఉండాయి. చూసినా నేను. చూసే ఆ మాట అన్నా." అతను ఏడ్చాడు. ముఖం తుడుచుకోవడానికి చేతులు ఎత్తి, వాటి నిండా మన్ను ఉందని దించేశాడు. ఏడుపు ఆగాక, ఆ ఏడాదిలో మొదటిసారి అడిగాడు. "అక్క ఏమిటికి రావడం లేదు సామీ?"

"అడిగితివా" అన్నాడు స్వామి. "స్వాతి వాన పడిన సోమవారం మెట్లెక్కతా జారి పడింది. మోకాలు ఇరిగింది. ఊర్లోవాళ్లు మోసుకొని పోయిరి. నువ్వు గుట్ట అవతల ఉండావు. అప్పటి నుంచి మంచంలోనే ఉండాది, పక్కింటోళ్లు గంజి పోస్తాండారు. సోమవారం వస్తే మాత్రం వాకిలి తెరిచి పెట్టమంటాదంట."

"నాకు చెప్పకపోతిరే?"

"మాట తీసుకుంటివి కదా." ఆయన కర్రతో నేల మీద గీస్తూ చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడం ఆయనకు తేలికగా లేదని నంజుండప్ప అప్పుడు గమనించాడు. "గవి ఖాళీగానే ఉండాది. ఇప్పుడు కావాలన్నా పో. నేను అడ్డం రాను" అన్నాడు స్వామి.

నంజుండప్ప మన్నుగడ్డను మళ్లీ మొక్క మొదట్లో పెట్టి, బసమ్మ ఒత్తినట్టే చుట్టూ ఒత్తి లేచాడు. గవి వైపు చూడలేదు. ఇద్దరూ కిందికి దిగారు. మఠం వాకిట్లోకి వచ్చేసరికి, ఊరికి దిగే మెట్లు ఎదురుగా కనిపిస్తున్నా, అలవాటు కొద్దీ అతని కాళ్లు తొట్టి వైపు తిరిగాయి. చేతుల నిండా ఎర్రమన్ను, గోళ్ల సందుల్లో ఆ తెల్లటి పోగులు. వంగి చేతులు నీళ్లలో ముంచబోతుంటే వెనక నుంచి స్వామి గొంతు వినిపించింది.

"వేళ్లు కడగొద్దు. అట్లనే పో."